స్టుట్‌గార్టు నగరమునందలి వైసెన్‌హోఫ్ గృహములు

తెలుగునాట "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత కలదు. గృహనిర్మాణమునందలి శ్రమ యనుభవించినవారికే తెలియునని దాని భావము. జర్మనీదేశపు నైరృతిభాగమున నున్న స్టుట్‌గార్టు నగరమువారు 1927 వ సంవత్సరమున ఈ సామెతలోని "చూడు" అను మాటకు వేఱొక యర్థము కలుగునట్లు చేసిరి. పట్టణమున కుత్తరమున నున్న కిల్లెస్‌బర్గు కొండమీద 21 భవనములను గట్టించి, లోకమువారందఱును వచ్చి చూడవలసినదని యాహ్వానించిరి. ఆ సంవత్సరము జూలై 23 వ తేదీ మొదలు అక్టోబరు 31 వ తేదీ వఱకు సుమారైదు లక్షలమంది ఆ యిండ్లలో దిరిగి చూచిరి.

గృహములను జూడబోవుట లోకమునకు గ్రొత్త గాదు. రాజప్రాసాదములను, మహాకవులు పుట్టిన యిండ్లను జూచుటకు జనులు దూరదేశములనుండియు బోవుదురు. కాని యెవరును బుట్టని, ఎవరును నింకను గాపురముండని, గోడల తడి యైనను సరిగా నాఱని సామాన్యగృహములను జూచుటకు అయిదు లక్షలమంది మూగుట యరుదు. ఈ యిండ్ల చరిత్రము వాస్తుశాస్త్రమునకు మాత్రమే చెందినది గాదు. ఇంటికప్పు చదునుగా నుండవలెనా, వాలుగా నుండవలెనా యను వాదము, దేశమున నుండదగినవారెవరు, తగనివారెవరు అను వాదముగా మాఱిన విధము ఇందు స్పష్టముగా గానవచ్చును. ఆ కారణముననే యిది చరిత్రకారుల విచారణకు దగియున్నది.

జర్మన్ వెర్క్‌బుండ్ అను సంఘము 1907 లో మ్యూనిక్ నగరమున స్థాపింపబడెను. స్థపతులను, చేతిపనివారిని, కర్మాగారముల యజమానులను ఒకచోట జేర్చి, యంత్రములచే దయారగు వస్తువులకు గూడ అందమును మన్నికయు గలుగునట్లు చేయుట దాని యుద్దేశము. 1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధమున జర్మనీలో గృహనిర్మాణము చాలవఱకు నిలిచిపోయెను. యుద్ధము ముగిసిన పిదప సైనికులు మరలివచ్చిరి, వివాహములు జరిగెను, కుటుంబములు పెరిగెను, ఇండ్లు మాత్రము పెరుగలేదు. 1923 లో నాణెపు విలువ పూర్తిగా బడిపోవుటచే నీ కొఱత మఱింత యెక్కువయ్యెను. తక్కువ స్థలములో, తక్కువ వ్యయముతో, గాలియు వెలుతురును గల యిల్లు కట్టుట యెట్లు? అప్పటి పురపాలక సంఘములన్నిటికి నెదురైన ప్రశ్న యిదియే.

దీనికి సమాధానము పుస్తకములలో గాక మట్టిమీద జూపవలెనని స్టుట్‌గార్టులోని వెర్క్‌బుండ్ శాఖవారు తలచిరి. గుస్టాఫ్ స్టోట్జ్ అను నాయన యీ ప్రయత్నమునకు మూలపురుషుడు. నగరమువారు స్థలమును, ధనమును సమకూర్చిరి. కార్యమునకు నాయకుడుగా మీస్ వాన్ డెర్ రోహె నియమింపబడెను. అతడు ఆహెన్ పట్టణమునందలి యొక రాతిపనివాని కుమారుడు, అప్పటికి నలువదియేండ్లవాడు. అతని పిలుపుపై జర్మనీ, హాలెండు, బెల్జియము, ఆస్ట్రియా, ఫ్రాన్సు దేశములనుండి స్థపతులు వచ్చిరి. అతనితో గూడ మొత్తము పదునేడుగురైరి. వీరిలో పీటర్ బేరెన్స్ అరువదేండ్లకు జేరువైన పెద్ద. మార్ట్ స్టామ్ ముప్పదియేండ్లు నిండని యువకుడు. మీస్, గ్రోపియస్, ల కొర్బూజియే అను మువ్వురును పూర్వము బెర్లినులో బేరెన్స్ కార్యాలయమున బని నేర్చినవారే. కావున నా కొండమీద గురువును శిష్యులును బ్రక్కప్రక్కల నిండ్లు కట్టిరని చెప్పవచ్చును.

స్థపతులకు మీస్ విధించిన నియమములు మిక్కిలి కొద్ది. కప్పు చదునుగా నుండవలెను. గోడల వన్నె తెలుపునకు దగ్గఱగా నుండవలెను. తక్కిన విషయములలో నెవరి యిచ్చ వారిది. ఈ రెండింటిలో మొదటిదే తరువాతి కలహమునకెల్ల మూలమయ్యెను గావున దానిని గొంచెము విచారింపవలసియున్నది.

చదునైన కప్పు తెలుగువారికి వింత గాదు. కర్నూలు, అనంతపురము, కడప మండలములలో వానలు తక్కువ యగుటచే, దూలములమీద మట్టి దట్టించిన మిద్దెలు తరతరములుగా గలవు. వాన విస్తారముగా గురియు కోస్తాసీమలో తాటాకు కప్పులును పెంకుటిండ్లును బ్రబలినవి. మిద్దె గొప్పదియు గాదు, పెంకుటిల్లు తక్కువదియు గాదు. రెండును నేలకును వానకును లోబడి పుట్టినవి. జర్మనీలో వానయు మంచును నధికము. అందువలన నచట నిటారైన వాలుకప్పు పూర్వాచారమై నిలిచినది. కాంక్రీటును ఉక్కును వాడుకలోనికి వచ్చిన పిదప చదునుకప్పును అచట గూడ గట్టుట సాధ్యమయ్యెను. కప్పుపై నారుబయట గూర్చుండవచ్చును, మొక్కలను బెంచవచ్చును, వాలుకప్పు క్రింద వ్యర్థమగు చోటు మిగులును. ఇది నవీనుల వాదము. నీరు నిలిచి కారుననియు, ఆ వాతావరణమున కది తగదనియు పూర్వాచారపరుల వాదము. ఇంతవఱకు రెండు పక్షములందును న్యాయము కలదు.

ఆ గృహములను వరుసగా జూచుచు బోవువానికి మొట్టమొదట కొండ పైభాగమున మీస్ కట్టించిన పొడవైన భవనము కనబడును. ఇందు 24 వాటాలు గలవు. దీని భారమంతయు నుక్కుచట్రముపై నిలిచియుండును. లోపలి గోడలు బరువు మోయవు. మెట్లు, వంటశాల, స్నానశాల మాత్రమే కదలని చోటులు. తక్కిన భాగమును నివసించువారు తమ యవసరమును బట్టి తేలికైన అడ్డుగోడలతో విభజించుకొనవచ్చును. ఒక వాటాలో వృద్ధదంపతులుండవచ్చును, వేఱొక వాటాలో బిడ్డలుగల కుటుంబముండవచ్చును. ఇల్లే వారి జీవితమునకు దగినట్లు మాఱును. బేరెన్స్ కట్టిన భవనమున నొక యంతస్తు కప్పు పైయంతస్తువారికి ముంగిలి యగునట్లు మెట్లుమెట్లుగా నమర్పబడినది. క్రింది కప్పులే పైవారి మిద్దెలగుటచే బలువురికి బయటిగాలి లభించును.

హాలెండు దేశీయుడైన ఔద్ అయిదు వరుసయిండ్లను గట్టెను. అతడు రాటర్‌డామ్ నగరమునకు గృహనిర్మాణస్థపతిగా నుండి, పేదల యిండ్లను గట్టి యనుభవము గడించినవాడు. అతని యిండ్లు చిన్నవి. కాని వంటశాలయు, బట్టలుదుకు చోటును, పెరడును నొకదానికొకటి యందుబాటులో నున్నవి. ఇంటిపనిలో స్త్రీలు వేయు నడుగులు తగ్గునట్లు వంటశాల నమర్చుటకు ఎర్నా మేయర్ అను విదుషి స్థపతులకు సలహాల నొసగెను. గృహకృత్యములనుగూర్చి గ్రంథమును రచించిన యామె మాటను పురుషులైన స్థపతులు వినవలసివచ్చుట యాకాలమున గమనింపదగిన విషయము. మార్గరెటె షూటె లిహోట్స్కీ 1926 లో ఫ్రాంక్‌ఫర్టు నగరముకొఱకు గల్పించిన ప్రసిద్ధమైన చిన్నవంటశాలయు నీ ప్రదర్శనమున జూపబడెను. నగరమధ్యమునందలి ప్రదర్శనశాలల నమర్చిన భారము మీస్‌తోబాటు లిల్లీ రైఖ్ అను నామె వహించెను.

ఔద్ యిండ్లకు సమీపముననే స్టామ్ కట్టిన మూడు వరుసయిండ్లు గలవు. వెనుకకాళ్లు లేని లోహపు గొట్టముల కుర్చీని స్టామ్ ఈ ప్రదర్శనమున జూపెను. మీస్ గూడ నట్టి కుర్చీ నొకదానిని జూపెను. కుర్చీకి నాలుగుకాళ్లుండవలెనను భావము నాటితో జెదరిపోయెను. షారూన్ కట్టిన యిల్లు తక్కినవానివలె గీతగీసినట్లుండక, వంపు తిరిగిన గోడలతో మలుపుచోట నిలిచియున్నది. వియన్నా నగరమునుండి వచ్చిన యోసెఫ్ ఫ్రాంక్ కట్టిన జంటయిల్లు వెలుపల మిగిలినవానిని బోలియున్నను, లోపల మెత్తని దిండ్లు, రంగుల వస్త్రములు, తివాచీలు గలిగియుండెను. కఠినమైన నిరాడంబరతను గోరువారి కిది రుచింపలేదు. ఇల్లు సుఖముకొఱకే యని యతని మతము. బ్రూనో టౌట్ మాత్రము తెలుపువన్నె నియమమును లెక్కసేయక తన యింటిగోడలకు ఎఱుపు, పసుపు, నీలము మొదలగు రంగులను వేయించెను. దీనినిబట్టి నవీనులందఱు నొకే మూసలో బోసినవారను నపవాదము నిజము గాదని తేలుచున్నది.

కొండయంచున, నగరమునకు నభిముఖముగా, ల కొర్బూజియే తన దాయాది పియర్ జన్నెరెతో గలిసి కట్టిన రెండు భవనములు గలవు. ఇందొకటి జంటయిల్లు. సన్నని స్తంభములపై నిల్లు పైకెత్తబడినది. మిద్దెపై దోట గలదు. లోపలి గోడలకును భారమునకును సంబంధము లేదు. కిటికీలు ఈ కొననుండి యా కొనవఱకు నొకే పట్టీవలె సాగినవి. ముఖభాగమును స్తంభములతో ముడిపడక స్వేచ్ఛగా నున్నది. ఈ యైదు లక్షణములను అతడు సూత్రములుగా నీ గృహసందర్భముననే ప్రకటించెను. ఈ జంటయింటిలో పగలు విశాలమైన సావడిగా నున్న గది రాత్రి జరుపుడుగోడలచే పడకగదులుగా విడిపోవును. పగటివేళ మంచములు గోడలోని యరలలో దూరియుండును. వెనుకనున్న నడవ రైలుపెట్టెలోని నడవవలె మిక్కిలి యిఱుకైనది. చూచినవారు కొందఱు మెచ్చిరి, కొందఱు నవ్విరి.

ఈ గృహములలో దోషములు లేకపోలేదు. ప్రదర్శనము తేదీకి సిద్ధము గావలెనను తొందరలో, కొద్ది నెలలలో గట్టబడినవగుటచే పనిలో లోపములు మిగిలెను. వ్యయము తలచినదానికంటె మించెను. కూలివారికొఱకును చిన్నయుద్యోగులకొఱకును ఆలోచన మొదలైనను, చాలయిండ్లు కొంత కలిమిగలవారికి మాత్రమే యందుబాటులో నుండెను. ల కొర్బూజియే జంటయిల్లు నివసించువారి సౌకర్యమునకై యటుపిమ్మట లోపల మార్పబడెను. ఈ లోపములను జూపి విమర్శించుట న్యాయమే. కాని జరిగిన విమర్శ యీ త్రోవను బట్టలేదు.

ఇండ్లు కట్టబడకముందే, 1926 లో, స్టుట్‌గార్టు వాస్తువిద్యాచార్యుడగు పాల్ బొనాట్జ్ నగరపత్రికలో నొక వ్యాసమును బ్రకటించి, ఆ నమూనా స్టుట్‌గార్టును గాక జెరూసలేము శివారును దలపించుచున్నదని యెత్తిపొడిచెను. అతని సహచరుడగు పాల్ ష్మిట్‌హెన్నర్ కూడ నీ పక్షమువాడే. ఇచట నొక విశేషము గలదు. స్టుట్‌గార్టు రైల్వేస్టేషను బొనాట్జ్ నిర్మాణమే. దాని పని 1914 లో మొదలై 1928 వఱకు సాగెను. ఘనాకృతిగల రాతికట్టడములతోను, చదరపు గోపురముతోను నొప్పు నా స్టేషను శిరోభాగమున నిటారైన పెంకులకప్పు కానరాదు. చదునుకప్పు నిజముగా జర్మనీకి దగనిదైనచో, ఆ దోషము స్టేషనునకును దప్పదు. కావున నాతని యాక్షేపణ కప్పును గూర్చినది మాత్రమే గాదని స్పష్టము. జెరూసలేమను పేరును బేర్కొనుటలో నితరజాతి యను సూచన యుండెను. ఆ సూచన చదివినవారికి సుబోధమయ్యెను.

తరువాతి కాలమున నీ పరిహాసము చిత్రరూపమును దాల్చెను. వైసెన్‌హోఫ్ గృహముల ఛాయాచిత్రముపై ఒంటెలను, సింహములను, తలపాగాలు ధరించినవారిని అతికించి, "అరబ్బుల పల్లె" యను పేరుతో పోస్టుకార్డులను ముద్రించి యమ్మిరి. నవ్వుటకై చేసిన పనియే యైనను, దాని తాత్పర్యము కఠినము. ఈ యిండ్లు ఈ నేలవి గావు. వీనిని గట్టినవారును, మెచ్చినవారును ఈ నేలవారు గారు. ఇదియే యా బొమ్మ చెప్పిన మాట.

1933 లో హిట్లరు పక్షము అధికారమునకు వచ్చెను. ఆ సంవత్సరముననే వైసెన్‌హోఫ్‌నకు సమీపముననున్న కోఖెన్‌హోఫ్ అను చోట ష్మిట్‌హెన్నర్ నాయకత్వమున, కొయ్యతో, నిటారైన వాలుకప్పులతో నింకొక గృహసముదాయము గట్టబడెను. అది తొల్లిటిదానికి బ్రత్యుత్తరము. బెర్లిను, ఫ్రాంక్‌ఫర్టు నగరములలో గూడ నవీనగృహములు నిందకు గుఱియైనవి. నిర్మాతలు చెదరిపోయిరి. బ్రూనో టౌట్ 1933 లో జపానునకు, 1936 లో టర్కీకి బోయి, 1938 లో ఇస్తాంబులున మరణించెను. గ్రోపియస్ 1934 లో ఇంగ్లండునకును, అచటినుండి 1937 లో అమెరికాకును బోయెను. మీస్, హిల్బెర్సైమర్ 1938 లో షికాగో నగరమును జేరిరి. యూదుకుటుంబమున బుట్టిన ఫ్రాంక్ స్వీడన్‌లో స్థిరపడెను. రాడింగ్ ఫ్రాన్సుమీదుగా పాలస్తీనాలోని హైఫా పట్టణమునకు బోయెను. ఇండ్లను బరదేశపువని వెక్కిరించిన మాట, కొన్నియేండ్లలోనే ఇండ్లు కట్టినవారిని బరదేశములకు దఱిమిన యాజ్ఞయయ్యెను. జెరూసలేము పేరెత్తి పరిహసించిన బొనాట్జ్ సైతము యుద్ధకాలమున టర్కీకి బోయి, యచట చిరకాలము పనిచేసెను. తూర్పుదేశమని యెవనిని వెక్కిరింపవచ్చునో, ఎవ్వరి కెచట నీడ దొరకునో ముందుగా నెఱుగుట మనుష్యులకు సాధ్యము గాదు.

ఇక నిండ్ల సంగతి. 1938 లో నగరమువారు వైసెన్‌హోఫ్ గృహములను జర్మను ప్రభుత్వమున కమ్మిరి. వానిని బడగొట్టి యాస్థలమున సైన్యాధికారుల కార్యాలయమును గట్టవలెనని సంకల్పము. కాపురమున్నవారు ఖాళీచేసి పోయిరి. ఇంతలో యుద్ధము వచ్చెను. 1940 లో ఫ్రాన్సు నోడిన పిదప నా కార్యాలయమును స్ట్రాస్‌బుర్గు నగరమునకు మార్పదలచిరి. అందుచే గూల్చుట యాగెను. మీస్ కట్టించిన భవనము యుద్ధకాలమున, అంటురోగములచే బాధపడు బిడ్డలకు వైద్యశాలగా నుపయోగింపబడెను. ఈ యిండ్లను ఎవరో కాపాడినందున గాక, ద్వేషించినవారికే వేఱొక పని కలిగినందున నవి నిలిచినవి.

అంతటితో నాపద తొలగలేదు. 1944 నాటి విమానదాడులలో బెక్కు భవనములు నేలమట్టమైనవి. యుద్ధానంతరమునను కొన్ని తొలగింపబడినవి. మొత్తముమీద 21 భవనములలో 11 మాత్రమే మిగిలినవి. గ్రోపియస్, హిల్బెర్సైమర్, పోల్‌సిగ్, బ్రూనో టౌట్, మాక్స్ టౌట్, డోకర్, రాడింగ్ అను వారి కట్టడములు నశించినవి. మీస్, బేరెన్స్, ఔద్, స్టామ్, షారూన్, ఫ్రాంక్, బూర్జ్వా, ష్నెక్, ల కొర్బూజియే అను వారివి నిలిచినవి. తాళపత్రగ్రంథమున సగము రేకులు పోయి సగము మిగిలినట్లు, ఈ గృహసముదాయము శిథిలప్రతియై మనకు లభించినది. గ్రంథపరిష్కర్త మిగిలిన రేకులను జదువుటయే కాక, పోయిన రేకుల తావును గూడ గుర్తించును. ఇచటను నట్లే చేయవలసియున్నది. రంగులద్దిన టౌట్ యిల్లు పోవుటచే, నవీనగృహములన్నియు దెల్లనివే యను దురభిప్రాయము బలపడుటకు వీలుకలిగెను.

1958 లో నీ గృహములు రక్షితకట్టడములుగా బ్రకటింపబడెను. 1981 మొదలు 1987 వఱకు వానికి మరమ్మతులు జరిగెను. 2006 లో ల కొర్బూజియే జంటయింటిలో నొక భాగము వస్తుప్రదర్శనశాలగా దెఱువబడెను. రెండవ భాగము 1927 నాటి రూపమునకు మరల దేబడినది. ఒకే కప్పు క్రింద నొకవైపున జరిగిన కథయు, వేఱొకవైపున నా కథ మొదలైన గదులును జూడవచ్చును. తక్కిన యిండ్లలో జనులు కాపురముందురు గావున జూడవచ్చినవారు వీథినుండియే వానిని జూడవలెను. 2016 లో ల కొర్బూజియే కట్టడములు పదునేడు, ఏడు దేశములకు జెందినవి, యునెస్కో ప్రపంచవారసత్వపు పట్టికలో జేర్పబడినవి. వానిలో స్టుట్‌గార్టు నందలి యీ రెండిండ్లును, భారతదేశమున చండీగఢ్ నగరమునందలి రాజధానీభవనసముదాయమును నొకే వరుసను గలవు. ఒకనాడు తూర్పుదేశపు పల్లెయని పరిహసింపబడిన యిండ్లకు, తూర్పుదేశమునందలి కట్టడమే సోదరస్థానమున నిలిచినది.

నేడు ఆ వీథులలో నడచువానికి మిద్దెకప్పులును వాలుకప్పులును బ్రక్కప్రక్కన గానవచ్చును. నశించిన యిండ్ల తావులందు యుద్ధానంతరమున గట్టిన గృహములలో గొన్నిటికి వాలుకప్పులు గలవు. వానలో రెండును దడియుచున్నవి. చలికాలమున రెండింటిమీదను మంచు పేరుకొనుచున్నది. రెండింటి క్రిందను జనులు వండుకొని తిని నిద్రించుచున్నారు. వానికి, నేలకు, వ్యయమునకు నేది తగునో విచారించుట స్థపతి ధర్మము. ఆ వాదము మఱియెంతకాలము సాగినను హాని లేదు. ఇంటికప్పును జూపి యింటిలోనివాని కులమును, జాతిని నిర్ణయించుటకు బూనినప్పుడే హాని మొదలయ్యెను. ఆ మాఱుపాటు 1926 నాటి యొక వ్యాసములోని చిన్న వెక్కిరింతలో నుండెను. దానిని నాడు గుర్తించి యాక్షేపించినవారు కొద్దిమంది, నవ్వినవారు పెక్కుమంది.